ఏది పైవైపు?

పదో తరగతి మార్కుల మెమోను బల్ల మీద పరిచి, ట్యాబ్‌ను దాని మీదికి వంచి పట్టుకుని ఒక ఫొటో తీయండి. తీసేటప్పుడు తెర మీద అక్షరాలు చక్కగా నిటారుగానే కనిపిస్తాయి. తీశాక గ్యాలరీలో తెరిస్తే మెమో పక్కకు ఒరిగి ఉండొచ్చు, ఒక్కోసారి తలకిందులుగా కూడా. అదే ట్యాబ్‌తో గోడకున్న క్యాలెండర్‌ను తీస్తే ఈ పేచీ రాదు. కెమెరా అదే, చెయ్యీ అదే. ట్యాబ్ నేలకు నిలువుగా ఉందా, సమాంతరంగా ఉందా అన్నదొక్కటే మారింది.

మనం ‘పైవైపు’ అని తేలిగ్గా అనేసేవి ట్యాబ్ విషయంలో కనీసం నాలుగున్నాయి. భూమి గురుత్వం నిర్ణయించేది ఒకటి. ట్యాబ్‌ను తయారుచేసినవాళ్లు ‘ఈ అంచు తల’ అని అనుకున్నది ఒకటి. కెమెరా సెన్సర్‌లో పిక్సెళ్ల మొదటి వరస ఏ అంచున ఉందో అది మూడోది. చూస్తున్న మనిషి తల ఎటుందో అది నాలుగోది. మొదటిదాన్ని ట్యాబ్ కొలుస్తుంది. రెండో, మూడో వాటిని ఫ్యాక్టరీలోనే దానికి చెప్పి పంపుతారు. నాలుగోది సాధారణంగా దానికి తెలియనే తెలియదు. తెర తిరగకపోయినా, అక్కర్లేనప్పుడు తిరిగినా, ఫొటో పడుకున్నా లోపల జరిగేది దాదాపు ఒకటే: వీటిలో ఏవో రెండింటికి పొత్తు కుదరలేదు. లేదంటే తిప్పాల్సిన పనిని ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్ మీదికి నెట్టేసింది.

కదలకుండా ఉన్నా సున్నా చూపని మీటరు

ట్యాబ్ సర్క్యూట్ బోర్డు మీద రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున ఒక చిప్ ఉంటుంది. దాన్ని యాక్సిలరోమీటర్ అంటారు, పాఠ్యపుస్తకాల తెలుగులో త్వరణమాపకం. అందులో సిలికాన్‌లో చెక్కిన ఒక బుల్లి దిమ్మె, దాన్ని పట్టి ఉంచే స్ప్రింగులు (అవీ సిలికానే), దిమ్మె అంచుల వెంట సన్నటి పలకలు, వాటికి ఎదురుగా కదలని పలకలు ఉంటాయి. పలకల మధ్య సందు ఒకటి రెండు మైక్రోమీటర్లు. దిమ్మె ఏ కాస్త జరిగినా ఆ సందు మారుతుంది, దాంతో పలకల మధ్య కెపాసిటెన్స్ మారుతుంది. ఆ మార్పే అంకెగా బయటికొస్తుంది. పొడవు, వెడల్పు, మందం మూడు దిశల్లోనూ ఇలా కొలుస్తారు.

ఈ చిప్ ట్యాబ్‌ల కోసం పుట్టింది కాదు. కారు దేన్నో గుద్దుకున్న క్షణంలో ఎయిర్‌బ్యాగ్‌ను తెరవడానికి అనలాగ్ డివైసెస్ అనే అమెరికన్ కంపెనీ 1990ల మొదట్లో ఏడీఎక్స్ఎల్50 అనే చిప్‌ను తెచ్చింది. పేరులోని 50, గురుత్వానికి 50 రెట్ల దాకా కొలవగలదని చెబుతుంది. తర్వాత చిప్‌ల ధరా పరిమాణమూ తగ్గి, 2006లో నింటెండో వీ ఆటయంత్రపు రిమోట్‌లోకి, 2007లో మొదటి ఐఫోన్‌లోకి ఈ రకం మీటర్లు వచ్చాయి. గుద్దుకోవడాన్ని పసిగట్టడానికి పుట్టిన పరికరానికి పుస్తకం పేజీ తిప్పే ఉద్యోగం దొరికిందన్నమాట.

బల్ల మీద కదలకుండా ఉన్న ట్యాబ్‌కు త్వరణం లేదు కాబట్టి మీటరు సున్నా చూపాలి కదా? చూపదు. సెకను వర్గానికి 9.8 మీటర్లు చూపుతుంది, అదీ పైవైపుకు. ట్యాబ్ పెట్టెను బల్ల కింది నుంచి ఆపుతోంది. లోపలి దిమ్మెను ఆపడానికి బల్ల లేదు, స్ప్రింగులే ఉన్నాయి. దిమ్మె కాస్త దిగుతుంది, స్ప్రింగులు దాన్ని పైకి నెడతాయి. ఆ నెట్టుడునే మీటరు కొలుస్తోంది. ట్యాబ్ చేతిలోంచి జారి నేలను తాకేలోపు పెట్టే, దిమ్మే కలిసే పడుతుంటాయి. స్ప్రింగుకు పనిలేదు, అప్పుడు మీటరు సున్నా. స్వేచ్ఛగా పడుతున్నవాడికి తన బరువు తెలియదన్న ఆలోచన ఐన్‌స్టీన్‌కు 1907లో తట్టింది. అందులోంచే తర్వాత సాధారణ సాపేక్షతా సిద్ధాంతం ఎదిగింది. అంతరిక్ష కేంద్రంలో కూడా ఇదే పరిస్థితి కనుక అక్కడ ట్యాబ్ ఈ మీటరుతో పైవైపును కనుక్కోలేదు.

భూమి మీద దీనికి ఇంకో బలహీనత ఉంది. గురుత్వాన్నీ, కదలికనూ ఇది విడదీసి చూడలేదు. సడన్ బ్రేకు వేసిన ఆర్టీసీ బస్సులో నిలబడ్డవాడికి నేలే ముందుకు వాలినట్టు అనిపిస్తుందే, అదే భ్రమ ఈ చిప్‌కూ కలుగుతుంది. అందుకే మూడు దిశల కొలతలనూ కలిపి చూసి, మొత్తం 9.8కి బాగా దూరంగా ఉంటే సాఫ్ట్‌వేర్ ఆ కొలతను నమ్మదు. కుదుపు తగ్గేదాకా ఆగుతుంది. తెర తిరగడంలో మనకు చిరాకు తెప్పించే ఆ చిన్న ఆలస్యంలో కొంత భాగం ఈ జాగ్రత్తదే.

ఇక తెర ఎటు తిరగాలన్న లెక్క. ట్యాబ్‌ను ఎదురుగా నిలువుగా పట్టుకుంటే 9.8 అంతా పొడవు దిశలో పడుతుంది. అడ్డంగా తిప్పితే వెడల్పు దిశలోకి వెళ్తుంది. ఈ రెండింటి నిష్పత్తి నుంచి కోణం వస్తుంది. పదో తరగతి త్రికోణమితి చాలు. ట్యాబ్‌ను వెల్లకిలా పడుకోబెడితే మాత్రం 9.8 మొత్తం మందం దిశలోకి పోతుంది. పొడవు, వెడల్పు దిశల్లో మిగిలేది దాదాపు సున్నా. సున్నాను సున్నాతో భాగిస్తే ఏ కోణమైనా రావొచ్చు. చెయ్యి ఒక్క డిగ్రీ వాలితే ఆ దిశలో కనిపించేది 0.17 మాత్రమే. చేతి వణుకు, చిప్ సొంత గోల ఆ స్థాయిలోనే ఉంటాయి. అందువల్ల ట్యాబ్ బల్లపరుపుగా ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్ కొత్త నిర్ణయమేదీ తీసుకోదు, చివరిసారి తీసుకున్నదాన్నే పట్టుకుని కూర్చుంటుంది. మార్కుల మెమో కథకు మూలం ఇక్కడుంది.

తెర తిరగడానికి 45 డిగ్రీలు దాటితే చాలని అనుకుంటాం. అలాగే చేస్తే సరిగ్గా 45 దగ్గర పట్టుకున్నవాడి తెర అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటుంది. ఆండ్రాయిడ్ మూల కోడ్‌లో రెండు స్థితుల మధ్య 45 డిగ్రీల వెడల్పున ఎవరిదీ కాని జాగా వదిలారు. అంటే ఇప్పుడున్న స్థితి నుంచి 67.5 డిగ్రీలు దాటితేనే తెర మారుతుంది, వెనక్కి రావాలన్నా అంతే దూరం తిరగాలి. ఇంట్లో ఫ్రిజ్ థర్మోస్టాట్‌లోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. మరీ చురుగ్గా ఉన్న నియంత్రణ కన్నా కొంచెం మొండిగా ఉన్నదే మనిషికి నచ్చుతుంది.

మంచం మీద పక్కకు ఒత్తిగిలి చదివేవాడి బాధ మాత్రం ఏ మొండితనంతోనూ తీరదు. అతని తలా ట్యాబూ కలిసే తిరిగాయి, కాబట్టి తెర తిరగకూడదు. మీటరుకు తెలిసింది భూమి మాత్రమే, కాబట్టి తెర తిరుగుతుంది. ఈ గొడవకు 2010లో మొదటి ఐప్యాడ్ పక్కనే ఒక మీట ఇచ్చింది, జరిపితే తెర తిరగడం ఆగిపోయేది. ఆ ఏడాది నవంబరులో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఆ మీటను శబ్దం ఆపేదిగా మార్చేసింది. వాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. 2011లో ఏది కావాలో మీరే ఎంచుకోండని కంపెనీ దిగొచ్చింది. 2014 నాటి ఐప్యాడ్ ఎయిర్ 2లో మీటే లేదు. ఆండ్రాయిడ్ 2018లో వేరే దారి పట్టింది: తెర తిరగకుండా లాక్ వేసి ఉన్నా, ట్యాబ్‌ను తిప్పగానే తెర మూలన చిన్న బొమ్మ వస్తుంది, కావాలంటే తాకండి, లేదంటే వదిలేయండి. నా మటుకు ఈ సమస్యకు వచ్చిన పరిష్కారాల్లో మర్యాదైనది ఇదే. 2021 నాటి ఆండ్రాయిడ్ 12 ఇంకో అడుగు వేసి, కొన్ని పరికరాల్లో ముందు కెమెరాతో ముఖం ఎటుందో చూసి తెరను తిప్పే ఏర్పాటు తెచ్చింది. మన నాలుగో ‘పైవైపు’ను యంత్రం పట్టించుకోవడం అలా మొదలైంది.

ఫొటో వెంట వెళ్లే చీటీ

కెమెరా సెన్సర్ పెట్టెలో బిగించి ఉంటుంది. ట్యాబ్‌ను ఎటు తిప్పి పట్టుకున్నా అది పిక్సెళ్లను ఒకే వరుసక్రమంలో చదువుతుంది. మనిషిని నిలువుగా తీసినా అడ్డంగా తీసినా ఫైల్లోకి చేరేది ఒకే ఆకారపు గళ్ల పట్టిక. మరి నిలువు ఫొటో నిలువుగా ఎలా కనిపిస్తోంది? ఫొటో తీసిన క్షణంలో యాక్సిలరోమీటర్ ఏం చెబుతోందో చూసి, ఫైల్ మొదట్లో ఒక అంకె రాసిపెడతారు. ‘చూపేటప్పుడు ఇంత తిప్పి చూపండి’ అని. 1995లో జపాన్‌లో కెమెరా పరిశ్రమ కోసం తయారైన ఎగ్జిఫ్ అనే ప్రమాణంలో ఈ అంకెకు చోటుంది. విలువలు 1 నుంచి 8 దాకా. 1 అంటే ఉన్నదున్నట్టు. 3 అంటే తలకిందులు చేసి చూపాలి. 6 అంటే గడియారం ముల్లు తిరిగే దిశలో 90 డిగ్రీలు, 8 అంటే అందుకు ఎదురు దిశలో 90. మిగతా నాలుగూ అద్దంలో బొమ్మలా కుడిఎడమలు మారినవి. ఫొటో అంచులు తెర అంచులకు సరిపోవాలంటే ఉన్న దారులు ఎనిమిదే, తొమ్మిదోది లేదు.

పిక్సెళ్లనే తిప్పి రాసేస్తే పోయేది కదా? 12 మెగాపిక్సెల్ ఫొటోకు పిక్సెల్‌కు మూడు బైట్ల లెక్కన 36 మెగాబైట్లు. వరస వరసగా వచ్చేదాన్ని వచ్చినట్టే కుదించి రాసేయొచ్చు. తిప్పాలంటే మొత్తం బొమ్మను మెమరీలో నిలిపి, నిలువు వరసల వెంట ఏరుకోవాలి. 1990ల కెమెరాకు అది తలకు మించిన పని. అంకె రాయడం ఖర్చు లేనిది. అప్పటి పొదుపు ఇప్పటికీ అలవాటుగా నడుస్తోంది.

చీటీ పద్ధతి పనిచేయాలంటే చదివే ప్రతి ప్రోగ్రామూ చీటీ చదవాలి. విండోస్ 7లోని ఫొటో వ్యూయర్ దాన్ని లెక్కచేసేది కాదు, విండోస్ 8 నుంచి చదవడం మొదలైంది. వెబ్‌పేజీలోని ఫొటోలకు క్రోమ్, ఫైర్‌ఫాక్స్ తమంతట తాము ఈ అంకెను పాటించడం 2020లో గానీ రాలేదు. ఫోన్‌లో నిటారుగా ఉన్న ఫొటో దరఖాస్తు వెబ్‌సైట్‌లో పడుకోవడానికి ఏళ్లపాటు ఇదే కారణం. రెండో రకం తప్పు దీనికి ఎదురుది. ఒక ప్రోగ్రామ్ చీటీ చదివి పిక్సెళ్లను నిజంగానే తిప్పుతుంది కానీ చీటీలో 6ను 1గా మార్చడం మరిచిపోతుంది. తర్వాతి ప్రోగ్రామ్ ఇంకో 90 డిగ్రీలు తిప్పుతుంది, మనిషి పక్కకు పడుకుంటాడు. మూడోది కొంచెం విచిత్రం. ఫొటో ఎక్కడ తీశారో చెప్పే జీపీఎస్ వివరాలు బయటపడకూడదని కొన్ని సైట్లు ఫైల్ తలభాగాన్ని మొత్తంగా కత్తిరిస్తాయి. మంచి పనే. ముందు బొమ్మను తిప్పి ఆ తర్వాత కత్తిరించాలన్న ఇంగితం లేకపోతే మాత్రం, జీపీఎస్‌తోపాటు ఆ అంకె కూడా చెత్తబుట్టలోకి పోతుంది.

ఇప్పుడు మెమో దగ్గరికి వద్దాం. తీసేటప్పుడు తెర మీద బొమ్మ నిటారుగా కనిపించడానికి భూమి అక్కర్లేదు. కెమెరాకూ తెరకూ మధ్య కోణం స్థిరం, బల్ల మీద ఏముందో అదే దిశలో తెర మీద కనిపిస్తుంది. చీటీ రాయడానికి మాత్రం భూమి కావాలి. ట్యాబ్ బల్లకు సమాంతరంగా ఉంది, మీటరు నోరు విప్పదు, కెమెరా యాప్ పాత అంకెనే రాసేస్తుంది. మందు తేలిక. ముందు ట్యాబ్‌ను ఎదురుగా, కావలసిన దిశలో నిటారుగా ఒక్క క్షణం పట్టుకోండి. అలాగే మెల్లగా మెమో మీదికి వంచండి. చాలా కెమెరా యాప్‌లలో ఫ్లాష్ గుర్తు లాంటి చిన్న బొమ్మలు నిర్ణయాన్ని అనుసరించి తిరుగుతాయి. అవి మీకు నిటారుగా ఉంటే ఫొటో కూడా నిటారే. లేదంటే మెమోనే గోడకు అంటించి తీయడం మరీ ఉత్తమం, నీడలూ పడవు.

వీడియోకూ ఇలాంటి సూచనే ఉంటుంది, ఎంపీ4 ఫైల్లో చిన్న మాత్రికగా. రికార్డింగ్ మొదలైనప్పటి స్థితినే అది మొత్తానికీ రాసుకుంటుంది. పెళ్లిలో తలంబ్రాలప్పుడు నిలువుగా మొదలుపెట్టి మధ్యలో అడ్డంగా తిప్పినవాళ్ల వీడియోలో సగం నుంచి పెళ్లికొడుకు పక్కకు పడిపోవడం అందుకే.

పిక్సెళ్లను నిజంగా తిప్పితే

90 డిగ్రీలు తిప్పడంలో ఏ పిక్సెలూ నష్టపోదు, చోటు మారుతుందంతే. అయినా జేపెగ్ ఫొటోను తెరిచి, తిప్పి, మళ్లీ సేవ్ చేస్తే నాణ్యత కొంచెం పోతుంది. నష్టం తిప్పడంలో లేదు, మళ్లీ కుదించడంలో ఉంది. జేపెగ్ బొమ్మను 8×8 గళ్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ 64 కొసైన్ అలల మొత్తంగా రాస్తుంది. ఆ 64 అంకెలను ముట్టుకుంటే నష్టం రావాలి కదా అనిపిస్తుంది. గణితం ఇక్కడ ఒక చక్కటి వెసులుబాటు ఇచ్చింది. ముక్కను 90 డిగ్రీలు తిప్పాలంటే అంకెల పట్టికలో అడ్డు వరసలను నిలువు వరసలుగా మార్చి, బేసి అలలకు ధన రుణ గుర్తులు తారుమారు చేస్తే సరి. గుర్తు తప్ప ఒక్క అంకె పరిమాణం కూడా మారదు. జేపెగ్‌ట్రాన్ అనే పాత ఉచిత ప్రోగ్రామ్ చేసేది ఇదే.

చిన్న మెలిక ఒకటుంది. రంగులను సగం వివరంతో దాచుకునే మామూలు జేపెగ్‌లలో కొలత 16×16. ఫొటో పొడవూ వెడల్పూ 16తో నిశ్శేషంగా భాగింపబడకపోతే అంచున అర ముక్క మిగిలిపోతుంది, తిప్పినప్పుడు అది తప్పు వైపుకు వస్తుంది. అనేక ఫోన్ల కెమెరాలు ఇచ్చే 4032×3024లో రెండూ భాగింపబడతాయి, 252, 189. వీడియోల 1920×1080లో 1080ని భాగిస్తే 67.5, అర ముక్క తప్పదు.

రెండు డిగ్రీల వంకర తీయడం మాత్రం పూర్తిగా వేరే పని. 3000 పిక్సెళ్ల వెడల్పున్న పేజీ రెండు డిగ్రీలు వంగితే ఒక చివరి నుంచి ఇంకో చివరికి పంక్తి వందకు పైగా పిక్సెళ్లు జారుతుంది. దాన్ని సరిచేస్తే కొత్త గడి ఏ పాత గడి మీదా సరిగ్గా కూర్చోదు, పక్క గళ్ల రంగులను కలిపి కొత్త రంగు లెక్కించాలి. అక్షరాల అంచు ఆ మేరకు మెత్తబడుతుంది. అలన్ పేత్ 1986లో దీనికో అందమైన ఉపాయం చెప్పాడు. బొమ్మను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, మళ్లీ అడ్డంగా ఒకసారి, వరసలను పక్కకు జరిపితే చాలు, మూడూ కలిసి భ్రమణం అవుతుంది. పక్కకు జరపడం తప్ప తిప్పడమన్నదే లేదు. ఎంత తెలివైన పద్ధతైనా మెత్తదనం కొంత వస్తుంది. అందుకని అర డిగ్రీ, అర డిగ్రీ చొప్పున సేవ్ చేసుకుంటూ పోవద్దు. కోణం తేల్చుకుని అసలు ఫొటో మీద ఒక్కసారే తిప్పండి.

అద్దం వెనక

తెర తిరిగిందంటాం గానీ ప్యానెల్ ఎక్కడికీ తిరగదు. అది ఎప్పుడూ ఒకే అంచు నుంచి ఎదుటి అంచు దాకా వరస వరసగా బొమ్మను మార్చుకుంటూ పోతుంది. గ్రాఫిక్స్ చిప్పే బొమ్మను తిప్పి అందిస్తుంది. ఆ వరసల దిశ మామూలుగా కంటికి తెలియదు. 2021 ఐప్యాడ్ మినీలో తెలిసింది: నిలువుగా పట్టుకుని వేగంగా జరిపితే పేజీలో ఒక సగం రెండో సగం కన్నా వెనకబడి, అక్షరాలు వంగినట్టు ఊగేవి. వరసలు మారే దిశ, మనం జరిపే దిశ ఒకదానికొకటి అడ్డంగా పడటమే కారణం.

చవక విండోస్ ట్యాబ్‌లలో చాలావాటికి 800×1280 లాంటి నిలువు ప్యానెళ్లే అడ్డంగా బిగించి ఉంటాయి. ఆన్ చేయగానే కంపెనీ గుర్తు పక్కకు పడుకుని కనిపించి, విండోస్ వచ్చాక లేచి కూర్చోవడం అందుకే. దాని మీద లినక్స్ వేస్తే చిక్కు మూడింతలవుతుంది. బొమ్మకు ఒక దిశ, వేలి తాకుడుకు ఇంకో దిశ, యాక్సిలరోమీటర్‌కు మరో దిశ. పై మూలన నొక్కితే పక్క మూలన ఉన్న బటన్ పనిచేస్తుంది. మూడింటినీ వేర్వేరుగా సరిదిద్దాలి. ఏ మోడల్ తెర ఏ వైపుకు బిగించి ఉందో పేరుపేరునా రాసిన జాబితా ఒకటి లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది, కొత్త పేర్లు చేరుతూనే ఉంటాయి. తయారీదార్లు చెప్పకుండా వదిలేసిన దాన్ని స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కూడా కలిసి రాస్తున్న జాబితా అది.

తెర తిరగడం మానేస్తే దేన్ని ముందు చూడాలో ఇప్పుడు తేలికగానే తెలుస్తుంది. పైనుంచి కిందికి లాగే పట్టీలో ఆటో రొటేట్ ఆపి ఉందేమో మొదట చూడాలి. విండోస్ ట్యాబ్‌లో కీబోర్డు ఉంటే విండోస్ మీట, ఓ కలిపి నొక్కితే లాక్ పడుతుంది, చెయ్యి తగిలి పడి ఉండొచ్చు. లాక్ లేకపోతే ఇంకో యాప్ తెరవండి. చాలా ఆటలూ కొన్ని బ్యాంకు యాప్‌లూ ఒకే దిశకు కట్టుబడి రాసినవి, వాటితో వాదించి లాభం లేదు. ఏ యాప్‌లోనూ తిరగకపోతే వడ్రంగి వాడే రసమట్టంలా పనిచేసే యాప్ ఒకటి తెరిచి ట్యాబ్‌ను వంచండి. బుడగ కదిలితే చిప్ బతికే ఉంది, తప్పు సెట్టింగులది. కదలకపోతే ఒకసారి ఆపి ఆన్ చేయండి. అప్పటికీ కదలకపోతే, ముఖ్యంగా ట్యాబ్ ఈమధ్య కింద పడి ఉంటే, లోపలి పలకలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండొచ్చు. మైక్రోమీటర్ సందుల్లో అలా అతుక్కోవడం తెలిసిన జబ్బే. గాలిలో 8 అంకె ఆకారంలో తిప్పమని ఎవరైనా చెబితే అది దిక్సూచికి చేసే వైద్యం, తెర తిరగడానికి దాంతో సంబంధం లేదు.

స్కాన్ చేసిన పీడీఎఫ్ పక్కకు పడుకుంటే, చాలా రీడర్లలో ‘వ్యూ’ కింద కనిపించే తిప్పుడు మీ తెర వరకే. ఫైల్లో ఏమీ మారదు, అవతలివాళ్లకు పేజీ పడుకునే వెళ్తుంది. పీడీఎఫ్‌లో ప్రతి పేజీకీ రొటేట్ అనే సొంత చీటీ ఉంది, 90కి గుణిజాలు మాత్రమే తీసుకుంటుంది. పేజీలను తిప్పి సేవ్ చేసే సౌకర్యం వాడితే ఆ అంకె మారుతుంది. దరఖాస్తుకు జతచేసే ముందు ఆ ఫైల్‌ను వేరే పరికరంలో ఒకసారి తెరిచి చూసుకోండి.